న్యూయార్క్‌లో ఇటాలియన్ భోజనానికి బ్రాంక్స్ వెళ్ళండి

మన దేశంలో ఎండలు ముదిరే వేళకి ఇక్కడ న్యూజెర్సీలో, మా ఎడిసన్‌లో ఇంటింటా అమ్మానాన్నలు దిగుతారు. సాయంత్రం పార్కుకి వెళితే చీర మీద స్వెటర్ వేసుకున్న అమ్మలు, కొత్త స్పోర్ట్స్ షూస్‌తో నాన్నలు ఎదురవుతూనే ఉంటారు. వాళ్లకి న్యూయార్క్ చూపించే పద్ధతి కూడా అందరిదీ ఒకటే. పొద్దున్నే పులిహోర డబ్బాలు కట్టుకుని బయల్దేరడం, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, ఎంపైర్ స్టేట్ బిల్డింగ్, టైమ్స్ స్క్వేర్ చుట్టేయడం, రాత్రికి మన కొట్లూ హోటళ్లూ ఉండే ఓక్ ట్రీ రోడ్డులో దోసె తిని ఇంటికి రావడం. మావాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అదే చేశాను.

రెండోసారి వచ్చినప్పుడు కొంచెం వేరే ఏదైనా చూపిద్దామని మాన్‌హట్టన్‌లోని లిటిల్ ఇటలీకి తీసుకెళ్లాను. వీధి నిండా ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ తోరణాలు. ప్రతి హోటల్ గుమ్మంలో ఒక మనిషి మెనూ కార్డు పట్టుకుని లోపలికి పిలుస్తున్నాడు. అలా పిలిచిన ఒక చోట కూర్చున్నాం. వచ్చిన స్పగెటి మెత్తగా ఉడికి ముద్దయిపోయింది, సాస్ తియ్యగా ఉంది. అమ్మ రెండు ముద్దలు తిని ఫోర్కు పక్కన పెట్టేసి, "సేమ్యా ఉప్మాలో టొమాటో సాస్ పోసినట్టుంది" అంది. నాన్న ఏమీ అనలేదు, బిల్లు చూసి మాత్రం నా మొహం వైపు చూశారు. ఇటాలియన్ వంట అంటే ఇంతే అని ఇద్దరూ ఆరోజు తేల్చేసుకున్నారు. ఆ అభిప్రాయం మార్చడానికి నాకు వాళ్ల తర్వాతి ప్రయాణం దాకా పట్టింది.

అందుకే ఇది రాస్తున్నాను. న్యూయార్క్‌కి వచ్చినవాళ్లని ఇటాలియన్ భోజనానికి లిటిల్ ఇటలీ తీసుకెళ్లకండి. నగరానికి ఉత్తర భాగమైన బ్రాంక్స్‌లో ఆర్థర్ ఎవెన్యూకి తీసుకెళ్లండి. రుచి ఒక్కటే దీనికి కారణం కాదు. మనం ఊరు చూడ్డం ఒక పని, తిండి తినడం ఇంకో పని అనుకుంటాం. చూసిన దాన్ని కట్టినవాళ్లు ఎవరు, వాళ్లు ఏం తిని బతికారు అన్నది ఒకే చోట కనబడితే ఆ ఊరు మనకి అర్థమయ్యే తీరే వేరు. ఆర్థర్ ఎవెన్యూలో అది జరుగుతుంది.

ముందు లిటిల్ ఇటలీకి ఏమైందో చెప్పాలి, ఎందుకంటే ఆ కథలో మనం కూడా ఉన్నాం.

1880 నుంచి 1920 లోపు దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ వాళ్లే: నేపుల్స్, కలాబ్రియా, సిసిలీ. పొలం లేక, ఉన్నా పన్నులు కట్టలేక ఓడెక్కినవాళ్లు. పని ఇప్పించి, దారి ఖర్చులకి అప్పిచ్చి, కూలీలోంచి కమీషన్ కోసుకునే మనిషిని వాళ్లు పద్రోనే అనేవాళ్లు. మన భాషలో ఆ మనిషి మేస్త్రీ. విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి బర్మా వెళ్లిన మన కూలీలని ఓడెక్కించింది అచ్చంగా ఇలాంటి మేస్త్రీలే. ఆ వచ్చిన ఇటాలియన్లలో చాలామంది లిటిల్ ఇటలీ నడివీధి అయిన మల్‌బెరీ స్ట్రీట్ చుట్టుపక్కల, గాలీ వెలుతురూ రాని గదుల్లో కిక్కిరిసి బతికారు. జేకబ్ రీస్ అనే విలేఖరి 1890లో వేసిన పుస్తకంలో ఆ వీధి దుస్థితిని లోకానికి చూపించాడు. ఆ తర్వాత అక్కడి ఇళ్లు కూల్చి 1897లో పార్కు కట్టారు. ఇప్పుడది కొలంబస్ పార్క్. చైనా పెద్దాయనలు అక్కడ కూర్చుని చదరంగం ఆడుతుంటారు.

1924 చట్టం ఇటలీ నుంచి వలసని బాగా కత్తిరించింది. మన ఆసియా వాళ్లకైతే తలుపు పూర్తిగా మూసేసింది. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గరే కూర్చుని కొత్త చట్టం మీద సంతకం పెట్టాకే ఆ తలుపు బార్లా తెరుచుకుంది. చైనాటౌన్ పెరిగి లిటిల్ ఇటలీలోకి వచ్చింది అప్పటినుంచే. మన డాక్టర్లు, ఇంజనీర్లు విమానం దిగడం మొదలయిందీ అప్పటినుంచే. ఈలోగా ఇటాలియన్ల పిల్లలు చదువుకుని, నాలుగు డబ్బులు సంపాదించి, విశాలమైన ఇళ్లకి వెళ్లిపోయారు. అందులో తప్పేం లేదు. జనం వెళ్లిపోయారు, తోరణాలూ హోటళ్లూ మిగిలాయి.

మరి ఒక వీధిలో ఒక వంట బతికి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన గుర్తు ఒక్కటే, కిరాణా కొట్టు. హోటల్ ఎవరికోసమైనా నడుస్తుంది, బస్సు దిగి వచ్చే టూరిస్టుల కోసం కూడా నడుస్తుంది. పచ్చి సరుకు అమ్మే కొట్టు అలా కాదు. పిండి, చీజ్, ఉప్పుచేప, ఎండుమిర్చి కొనుక్కుని ఇంటికెళ్లి వండుకునే మనిషి ఉంటేనే అది నడుస్తుంది. ఆ మనిషికి సరుకు గురించి తెలుసు, బాగోకపోతే మొహం మీదే చెబుతుంది. ఆ కొట్ల పక్కన ఉన్న హోటల్ కూడా అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని వండుతుంది. మల్‌బెరీ స్ట్రీట్ దగ్గర అలాంటి కొట్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్రాండ్ స్ట్రీట్ మూల మీద 1910 నాటి డి పాలోస్ ఉంది. అక్కడి చీజ్ కోసం ఎంతసేపు లైన్లో నిలబడినా నష్టం లేదు. దాని దగ్గర్లోనే 1892 నుంచి నడిచిన అల్లేవా డెయిరీ అద్దె భారం మోయలేక 2023లో అక్కడ మూతపడింది. ఆ వార్త చదివినరోజు నాకు మనసు బాగోలేదు. సెప్టెంబర్‌లో 1926 నుంచీ జరుగుతున్న సాన్ జెన్నారో తిరునాళ్లకి వెళ్లండి, ఫెరారా బేకరీలో కాఫీ తాగండి, వద్దనను. కడుపు నింపుకోవడానికి మాత్రం అక్కడ కూర్చోవద్దు.

ఇక మా శనివారం గురించి.

పోయిన వేసవిలో అమ్మానాన్నలు మూడోసారి వచ్చారు. పొద్దున్నే ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్‌లో దిగి, హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి, డీ ట్రైన్ పట్టుకుని ఫోర్డమ్ రోడ్‌లో దిగాం. అక్కడినుంచి బస్సులో బొటానికల్ గార్డెన్. 1891లో మొదలైన తోట, 250 ఎకరాలు. పక్కనే బ్రాంక్స్ జూ, అది 1899లో తెరిచారు, 265 ఎకరాలు. ఒకే రోజు రెండూ చూడాలని పిల్లలున్న వాళ్లు ప్రయత్నిస్తారు కానీ పెద్దవాళ్ల మోకాళ్లకి అది మంచిది కాదు. ఏదో ఒకటి ఎంచుకోండి. మేం తోట ఎంచుకున్నాం.

అమ్మ 1902 నాటి అద్దాల మేడలో చాలాసేపు ఉండిపోయింది. నాన్నకి మాత్రం నచ్చింది బ్రాంక్స్ నది ఒడ్డున ఉన్న ఒక రాతి కట్టడం. అది ఒకప్పటి నశ్యం మిల్లు. ఈ నేలంతా లోరిలార్డ్ అనే పొగాకు వ్యాపారుల ఎస్టేట్. నది నీటి జోరుతో తిరగలి తిప్పి పొగాకుని నశ్యంగా విసిరేవాళ్లు. "మా తాత నశ్యం డబ్బీ రొంటిన లేకుండా గడప దాటేవాడు కాదు" అన్నారు నాన్న. గుంటూరు జిల్లా పొగాకు పొలాల మధ్య పెరిగిన మనిషికి బ్రాంక్స్‌లో తన వస్తువొకటి కనబడింది.

నాన్న ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. చివరి పదేళ్లూ సాగర్ కాలువల మీదే ఉన్నారు. ఆయనకి ఏ కట్టడం చూసినా మొదటి ప్రశ్న ఒకటే: ఎవరు కట్టారు? ఈసారి నా దగ్గర జవాబుంది. ఈ తోటకీ, జూకీ దారులు వేసి, గోడలు కట్టి, రాళ్లు మోసినవాళ్లలో చాలామంది ఇటాలియన్ కూలీలు. ఇక్కడికి కొద్దిదూరంలోనే జెరోమ్ పార్క్ రిజర్వాయర్ తవ్వకం 1895లో మొదలై 1906 దాకా సాగింది. అక్కడా వాళ్లే. పనికి దగ్గరగా ఉంటుందని వాళ్లు ఇల్లు చూసుకున్న పేట పేరు బెల్మాంట్. దాని నడివీధి ఆర్థర్ ఎవెన్యూ. ఊరికి నీళ్లిచ్చిన క్రోటన్ నది మీద రాతితో డ్యామ్ కట్టిందీ ఎక్కువగా ఇటాలియన్లే. 1900లో రోజుకూలీ పెంచమని వాళ్లు అక్కడ సమ్మె చేస్తే, రాష్ట్ర గవర్నరు సైనికులని దించాడు. నాన్న నడుస్తున్నవాడల్లా ఆగిపోయారు. "రాతి డ్యామా? సాగర్ కూడా రాతిదే. పాలమూరు కూలీలు రాయి మీద రాయి పేర్చారు" అన్నారు. కాసేపాగి, "సాగర్ చూడ్డానికి ఏటా లక్షలమంది వస్తారు. వాళ్లలో పాలమూరు జొన్నరొట్టె ఎంతమంది తిని వెళ్తారమ్మా?" అన్నారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్న మాట నాకంటే బాగా ఆయనే చెప్పారు.

తోట నుంచి ఆర్థర్ ఎవెన్యూకి నడిచే వెళ్లొచ్చు. మేం ముందు 1940 నాటి రిటైల్ మార్కెట్లోకి వెళ్లాం. అంతకుముందు ఆ వీధంతా తోపుడు బళ్లే. లా గార్డియా మేయరుగా ఉన్నప్పుడు బళ్లవాళ్లందరినీ ఒక కప్పు కిందకి చేర్చి ఈ మార్కెట్ కట్టించాడు. ఆయనా ఇటాలియన్ ఇంటి బిడ్డే. లోపలికి అడుగుపెడితే కూరగాయలు, మాంసం, ఆలివ్ కాయల పీపాలు, ఒక మూల చేత్తో చుట్టలు చుడుతున్న మనుషులు. నాన్న ఆ చుట్టల దగ్గరా ఆగారు.

బోర్గాటీస్ అనే చిన్న కొట్టు ఉంది, 1935 నుంచి ఒకే కుటుంబం నడుపుతోంది. అక్కడ గుడ్లు కలిపిన పిండి వెడల్పాటి రేకులుగా ఒత్తి సిద్ధంగా ఉంటుంది. ఎంత వెడల్పు ముక్కలు కావాలో మనం చెబితే అప్పటికప్పుడు మిషన్లో కోసి ఇస్తారు. అమ్మ ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గలేదు. తన చిటికెన వేలు చూపించి "ఇంత" అంది. కొట్టతను రేకు మిషన్లోకి తోశాడు. పసుపుపచ్చటి పట్టీలు ఒకదాని మీద ఒకటి జారి పడ్డాయి. పొడిపిండి చల్లి, రెండు చేతులతో వదులుగా ఎత్తి, తెల్ల కాగితంలో పొట్లం కట్టాడు. అమ్మ ఆ పొట్లం విప్పి మళ్లీ చూసింది. చిన్నప్పుడు వేసవిలో వాళ్లింట్లో పిండి కలిపి సేమ్యా మిషన్ తిప్పి, దండేల మీద కర్రల మీద ఆరబెట్టేవాళ్లట. "నేను తిప్పేదాన్ని, మా అక్క అందుకునేది" అని చెబుతూ చేతులు కూడా అలాగే ఆడించింది. ఇన్నేళ్లలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. అడగాలని నాకూ తట్టలేదు.

చీజ్ కొట్లోనూ అంతే. మొజరెల్లా చేసేవాడు వేడినీళ్లలో విరుగుడు గడ్డలు వేసి, కర్రతో కలిపి, చేత్తో పైకి లాగుతున్నాడు. అది సాగుతూ సాగుతూ నిగనిగలాడింది. "తిరునాళ్లలో జీళ్లపాకం లాగినట్టే ఉంది" అంది అమ్మ. నిజంగా అంతే. పాకం మేకుకి వేసి లాగుతారు, ఇది నీళ్లలో లాగుతారు.

భోజనం దగ్గర మనవాళ్లకి ఉండే భయం నాకు తెలుసు. "కారం ఉండదు, పెద్దవాళ్లు తినలేరు" అంటారు. నేను ఒప్పుకోను. ఇటలీ వంట, మన వంట ఒకే చోట మలుపు తిరిగాయి. టొమాటో వాళ్లది కాదు, మిర్చి మనది కాదు. రెండూ కొలంబస్ తర్వాతే అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటి వెళ్లాయి. ఇవాళ టొమాటో సాస్ లేని నేపుల్స్‌నీ, మిరపకాయ లేని గుంటూరునీ ఊహించలేం. కలాబ్రియా వాళ్లు మిర్చి తినే తీరు చూస్తే మనవాళ్లే అనిపిస్తుంది. ఆరోజు అమ్మకోసం ఆలియో ఎ ఓలియో చెప్పాను. వేడి ఆలివ్ నూనెలో వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిర్చి వేయించి స్పగెటి కలుపుతారు, అంతే. మొదటి ముద్దకే అమ్మ, "ఇది మన పోపేగా, ఆవాలు ఒక్కటే తక్కువ" అంది. ప్లేటు ఖాళీ చేసింది. నాన్న వంకాయ పర్మిజానా తిన్నారు. వంకాయని అంత బాగా వండేవాళ్లు మనం కాక ఇంకొకరు ఉన్నారని ఆయన ఒప్పుకున్నారు.

ఆ వీధిలో డొమినిక్స్ అనే పాత హోటల్ ఉంది. చాలా ఏళ్లపాటు అక్కడ మెనూ కార్డు ఇవ్వకుండానే నడిపారు. పొడవాటి బల్లల మీద ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవాలి, ఆరోజు ఏముందో వడ్డించేవాడే నోటితో చెప్పేవాడు. విజయవాడ మెస్సుల్లో తిన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. 1919 నాటి మారియోస్ కూడా ఆ వీధిలోనే ఉంది. భోజనమయ్యాక 1918 నాటి మడోనియా బేకరీలో కనోలి తినండి. గుల్లలో రికోటా అనే మెత్తటి చీజ్ ముందే కూరి పెట్టరు, మనం అడిగాకే నింపుతారు. అందుకే కొరికితే కజ్జికాయలా కరకరలాడుతుంది.

శాకాహారులు మాత్రం నోరు తెరిచి అడగాలి. ఈ విషయంలో మొహమాటపడితే తర్వాత బాధపడతారు. అసలైన పర్మిజానో రెజానో చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెనెట్ వాడతారు. చాలా చీజుల్లో ఇదే పద్ధతి, కాబట్టి వెజిటేరియన్ రెనెట్‌తో చేసినది ఏదని అడిగి తీసుకోండి. కొన్ని సాసుల్లో ఆంకోవీ అనే చేప కరిగిపోయి ఉంటుంది, కంటికి కనబడదు. బేకరీల్లో పంది కొవ్వు వేసే రకాలుంటాయి. బీన్స్ సూప్ శాకాహారంలా కనిపిస్తుంది కానీ అడుగున పంది మాంసం ముక్కలు ఉండొచ్చు. అడిగితే విసుక్కోరు, లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి చెబుతారు. మా అమ్మ శాకాహారి, గుడ్డు వరకూ ఫరవాలేదు. ఆవిడకి ఆరోజు చీజ్ వెయ్యొద్దని ముందే చెప్పాను.

ఇదంతా మా స్నేహితుడికి చెబితే, "అక్కడ కూడా ఇప్పుడు ఇటాలియన్లు ఎక్కడున్నారు? అల్బేనియా వాళ్లు, మెక్సికో వాళ్లేగా ఉండేది" అన్నాడు. ఆ మాట నిజమే. బెల్మాంట్‌లో అల్బేనియన్ల కాఫీ హోటళ్లున్నాయి, చాలా వంటగదుల్లో పొయ్యి దగ్గర నిలబడేది మెక్సికో వాళ్లే. పాత ఇటాలియన్ కుటుంబాలు చాలావరకు ఊరి బయటికి వెళ్లిపోయాయి. కానీ వాళ్లు శనివారం పొద్దున్న కారేసుకుని వస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని, కొట్టువాడిని పేరుపెట్టి పలకరించి, వారానికి సరిపడా సరుకు కొనుక్కుని వెళ్తారు. ఆ సంచుల వల్లే ఆ వీధి నిలబడింది. మల్‌బెరీ స్ట్రీట్‌కి లేనిదీ, ఆర్థర్ ఎవెన్యూకి ఉన్నదీ అదే. పొయ్యి దగ్గర ఎవరు నిలబడ్డారన్న దానికంటే, బల్ల దగ్గర నిలబడి "నిన్నటిది వద్దు, ఇవాళ్టిది ఇవ్వు" అని అడిగేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే నాకు ముఖ్యం.

ఓక్ ట్రీ రోడ్డు గురించి నాకు టెన్షన్ వచ్చేది కూడా ఇక్కడే. పెన్సిల్వేనియా నుంచి గంటన్నర డ్రైవ్ చేసుకుని దొండకాయలకీ గోంగూరకీ వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన పిల్లలు మాత్రం బిర్యానీ ఆర్డర్ చేస్తున్నారు, గోంగూర కట్ట చేత్తో పట్టుకుని చూసినవాళ్లు తక్కువ. నా కూతురికి పదకొండేళ్లు. ఆర్థర్ ఎవెన్యూ నుంచి వచ్చాక, వారం వారం సరుకులకి దాన్ని కూడా తీసుకెళ్తున్నాను. లేత బెండకాయని కొస విరిచి చూడ్డం నేర్చుకుంది.

వెళ్లేవాళ్లకి రెండు మూడు సంగతులు. శనివారం పదకొండు లోపు చేరితే సరుకు బాగుంటుంది. ఆదివారం కొన్ని కొట్లు మూసి ఉంటాయి, సాయంత్రం చాలావరకు త్వరగా కట్టేస్తారు. కొంచెం నగదు దగ్గర ఉంచుకోండి. మొజరెల్లా కొంటే ఆరోజే తినాలి, మర్నాటికి ఆ రుచి ఉండదు. గుడ్డ సంచులు, ఐస్ ప్యాక్ పెట్టిన బ్యాగు ఒకటి తప్పనిసరి. ఎడిసన్ దాకా రెండు గంటల ప్రయాణం.

మేం తిరిగి వచ్చేటప్పుడు అమ్మ ఆ తెల్లకాగితం పొట్లం ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది, బ్యాగులో పెడితే విరుగుతాయేమోనని. నాన్న కిటికీ పక్క కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోయారనుకున్నాను. మెట్రోపార్క్ దాటాక కళ్లు తెరవకుండానే, "ఆ రాతి డ్యామ్ ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగారు. గంటన్నర కారులో అని చెప్పాను. "వచ్చే శనివారం దానికి పోదాం. అక్కడా వాళ్ల హోటల్ ఏదైనా ఉందేమో చూడు" అన్నారు.